అలైఫేటు అడుగులు

వైతూలా ఊరి పెద్దల సభలో సముద్రం వైపు మూడో స్తంభం అలైఫేటుది. ఆ స్తంభానికి వీపు ఆనించి ఆయన ఏడేళ్ళుగా కూర్చుంటున్నాడు. కూర్చోవడంలో ఆయన్ని మించినవాడు సవాయి దీవి మొత్తంలో లేడని మా ఆడవాళ్ళు నవ్వుకుంటారు గానీ, ఆ నవ్వులో వెటకారం కన్నా గౌరవమే ఎక్కువ. పెద్దరికం వచ్చిన మనిషి కూర్చోవాలి. మోసేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు వేరే ఉంటారు.

పెద్దరికం రాకముందు ఆయన పేరు ఉవెలెసె. ఆ ఉవెలెసెని ఎరిగినవాళ్ళకి ఈ అలైఫేటుని చూస్తే ఒక్క మనిషేనా అనిపిస్తుంది. పక్కూరి బడికి రోజూ రెండు మైళ్ళు వెళ్ళి, రెండు మైళ్ళు వచ్చేవాడు, అదీ పందెం వేసుకుని పరుగు మీద. పదిహేనేళ్ళకే కొండ మీది తోట నుంచి కావడికి రెండు వైపులా చేమదుంపల బుట్టలు కట్టుకుని, మధ్యలో ఎక్కడా దించకుండా ఇంటికి వచ్చేవాడు. నలభైమంది తెడ్డు వేసే పొడుగు పడవలో ముందు వరస ఆయనది. ఎసెటా ఆయన్ని మొదటిసారి చూసింది కొబ్బరిచెట్టు మీద. కింద నిలబడి రెండు కాయలు పడెయ్యమని అడిగితే ఆరు పడేశాడట. ఆరూ మోయలేవంటూ వాళ్ళ ఇంటిదాకా తానే తెచ్చాడట. పెళ్ళి ఎలా కుదిరిందో ఇంక వేరే చెప్పక్కర్లేదు.

ఆయన నలభై మూడో ఏట, అప్పటిదాకా అలైఫేటు పేరు మోసిన పెదనాన్న పోయాడు. బంధువులంతా కూర్చుని మూడు రోజులు వాదించుకుని అలైఫేటు అనే పెద్దరికాన్ని ఉవెలెసెకి కట్టబెట్టారు. మర్నాడు పొద్దున్నే అలవాటు చొప్పున కావడి భుజానికెత్తుకుంటే తమ్ముడు సొలొఫా పరుగున వచ్చి లాక్కున్నాడు.

"అన్నయ్యా, నన్ను ఊళ్ళో తలెత్తుకు తిరగనివ్వవా?"

సొలొఫా చిన్నవాడేం కాదు. అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రి. పెద్దరికం లేని మగవాడు తన పెద్దకి సేవ చేస్తూ బతకడమే మా దగ్గర మర్యాద. పెద్ద తన కాళ్ళతో తాను పని చేసుకుంటున్నాడంటే ఆ ఇంట్లో సేవ చేసేవాడు పనికిమాలినవాడని అర్థం. ఉవెలెసె కావడి వదిలేశాడు. వెళ్ళి చాప మీద కూర్చున్నాడు. అంతే, మళ్ళీ లేవలేదు.

లేవాల్సిన అవసరమూ ఎవరూ రానివ్వలేదు. తిండి కూర్చున్నచోటికే వచ్చేది, అందులోనూ ముందు భాగం, కొవ్వు భాగం ఆయనదే. చావైనా పెళ్ళయినా పొద్దున్నించి సాయంత్రం దాకా బాసింపట్టు వేసుకుని ఉపన్యాసాలు వినాలి. ఆదివారం చర్చి అయ్యాక కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు, గొర్రె కొవ్వు మాంసం, సీమపనస తిని పడుకోవాలి. ఏడేళ్ళలో ఆయన నడుము చుట్టుకొలత ఎంత పెరిగిందో ఎసెటాకి తెలుసు, లుంగీలు కుట్టేది ఆమే కాబట్టి.

చక్కెర జబ్బు వాళ్ళ వంశంలో ముందునించీ ఉంది. వాళ్ళమ్మకి ఒక కాలు మోకాలి కింద తీసేశారు, ఆ తరవాత ఆవిడ రెండేళ్ళే బతికింది. అలైఫేటుకి యాభయ్యో ఏట ఎడమ పాదం చిటికెనవేలు నల్లబడింది. రాయి తగిలినా తెలియలేదు, చీము పట్టినా తెలియలేదు. దీవిలోని ఆసుపత్రిలో ఆ వేలు తీసేశారు.

కట్టు విప్పే రోజున సంచీ పట్టుకుని కూతురు తెపొరా కూడా వెళ్ళింది. దానికి పదకొండేళ్ళు, పెళ్ళయిన పన్నెండేళ్ళకి పుట్టిన పిల్ల. డాక్టరమ్మ మరేటా పాదం చూసి, రోజుకి నలభై నిమిషాలు నడవాలని, అదీ బూట్లు వేసుకుని నడవాలని, లేకపోతే ఈసారి వేలుతో పోదని చెప్పింది. చెబుతూ చెబుతూ పిల్ల మెడ వైపు చూసి ఆగింది. జుట్టు పక్కకి తీసి చూసింది.

"ఈ నలుపు ఎప్పటినించి?"

"మట్టండీ," అన్నాడు అలైఫేటు. "వాళ్ళమ్మ కొబ్బరిపీచుతో రోజూ తోముతుంది. పోదు."

"తోమితే పోదు. ఇది మట్టి కాదు. మీకొచ్చిందే ఈ పిల్ల ఒంట్లో తలుపు తడుతోంది. ఇప్పుడే ఆడితే, నడిస్తే, పరుగెత్తితే ఆగొచ్చు. ఇలాగే ఇంట్లో కూర్చుంటే ఆగదు."

అలైఫేటు తన వేలు పోయినప్పుడు ఏడవలేదు. ఆ రోజు బస్సులో మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పెద్ద ఇంటి పిల్ల కదా, తెపొరాని చిన్నాన్న పిల్లలు గిన్నె కూడా తోమనిచ్చేవాళ్ళు కాదు. మైలు దూరంలో ఉన్న బడికి సొలొఫా ట్రక్కు బండి వెనక ఎక్కించుకుని దింపేవాడు. వచ్చాక ఫోను పట్టుకుని, పచ్చి నూడుల్స్ పొట్లం నములుతూ చాప మీద పడుకునేది. తండ్రి కూర్చోవడం చూసి పెరిగిన పిల్లకి కూర్చోవడం కాక ఇంకేం వస్తుంది?

సోమవారం తెల్లవారుతూండగానే ఆయన కొత్త బూట్లు వేసుకుని రోడ్డెక్కాడు. ఊరి చివరి వంతెన దాకా వెళ్ళి రావాలని అనుకున్నాడు. మా ఊళ్ళో ఇళ్ళకి గోడలుండవు. రోడ్డు మీద ఎవరు పోతున్నా ఇంట్లోవాళ్ళు చూస్తారు, చూస్తే తినడానికి పిలుస్తారు, పిలవకపోతే అది మనుషుల ఇల్లు కాదు.

"అలైఫేటు పెద్దయ్యా! రండి, కోకో తాగి వెళ్దురుగాని!"

మామూలు మనిషయితే దణ్ణం పెట్టి దాటిపోవచ్చు. పెద్ద అలా పోతే ఆ ఇంటికి చిన్నతనం. ఆయన లోపలికెళ్ళి కూర్చున్నాడు. వంతెన చేరేసరికి నాలుగిళ్ళలో నాలుగు గిన్నెల తియ్యటి కోకో, రెండు సీమపనస ముక్కలు, ఒక చేప తల కడుపులో పడ్డాయి. నడక కరిగించిందెంతో దేవుడికే తెలియాలి. తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఆపి డ్రైవరు దిగి, "అయ్యో, మీరు నడవడమేంటి పెద్దయ్యా" అని చేయి పట్టుకుని ఎక్కించేశాడు.

మధ్యాహ్నానికల్లా దుకాణం దగ్గర మూడు కథలు పుట్టాయి. అలైఫేటు ఎసెటాతో పోట్లాడి ఇల్లు వదిలి పోతున్నాడని ఒకటి. సొలొఫా పక్కూరివాణ్ణి కొట్టాడు, ఆ తప్పు మన్నించమని అడగడానికి పెద్దాయన కాలినడకన బయల్దేరాడని ఇంకొకటి. మూడోది అన్నిటికంటే అధ్వాన్నం. సొలొఫా అన్నని పట్టించుకోవడం మానేశాడట, బండి అడిగితే ఇవ్వనన్నాడట.

రెండో రోజు సాయంత్రం సొలొఫా వచ్చి అరుగు అంచున తల వంచుకుని కూర్చున్నాడు.

"అన్నయ్యా, నేనేం తప్పు చేశాను? చెబితే దిద్దుకుంటా."

"తప్పేం లేదురా. డాక్టరమ్మ నడవమంది."

"డాక్టరమ్మ చెప్పిందని దుకాణంలో వాళ్ళకి ఎవరు చెబుతారు? మా ఆవిడ ఉప్పుకి వెళ్ళి ఏడుస్తూ వచ్చింది. ఏడేళ్ళు నీకు సేవ చేసినా ఒక్క పొద్దున నువ్వు వేసిన నాలుగడుగులు చాలాయి నన్ను వెధవని చెయ్యడానికి."

నిజమే చెప్పాడు. మూడో రోజు అలైఫేటు బూట్లు చూరులో పెట్టేశాడు.

నెల తిరిగేసరికి రాజధాని ఆపియా నుంచి ఆరోగ్య బృందం బడికి వచ్చింది. ఆరో తరగతి పిల్లలందరికీ తలా ఒకటి, వాళ్ళ ఇంట్లో ఒక పెద్దమనిషికి ఒకటి, అడుగులు లెక్కపెట్టే చిన్న మీటర్లు ఇచ్చారు. వారంపాటు నడుముకి పెట్టుకోవాలి. ప్రతి సాయంత్రం పిల్లలే ఆ అంకె కాగితం మీద రాయాలి. పిల్లలూ పెద్దలూ ఎంత కదులుతున్నారో, ఎంత కూర్చుంటున్నారో తెలుసుకోవడానికట.

తెపొరా తండ్రి లుంగీకి మీటరు తనే తగిలించింది.

"స్నానానికి తప్ప తియ్యకూడదు నాన్నా. టీచరు చెప్పింది."

"తియ్యనులే."

మొదటి సాయంత్రం చూస్తే నాలుగు వందల పన్నెండు. తెపొరాది రెండు వేల తొమ్మిది వందలు. పిల్ల మీటరుని వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని చూసింది.

"ఇది పాడయినట్టుంది నాన్నా."

"యంత్రం ఇంకా నిద్ర లేవలేదు. ఈ రోజుది రాయకు," అన్నాడు.

ఆ మాట అబద్ధమని ఆయనకి తెలుసు. కానీ మర్నాడు చేసిన పనిని మాత్రం ఆయన అబద్ధం అనుకోలేదు, ఆ మాటకొస్తే మా ఊళ్ళో ఎవరూ అనుకోరు. సొలొఫా కత్తి తీసుకుని తోటకి బయల్దేరుతుంటే పిలిచి, మీటరు విప్పి చేతిలో పెట్టాడు.

"ఇది నా నడుముకుండాల్సింది. నువ్వు పెట్టుకో."

సొలొఫా రెండు చేతులూ చాచి తీసుకుని తల మీద ఆనించుకున్నాడు. నెల రోజుల నుంచి వాడిపోయి ఉన్న ముఖం ఆ పూట వెలిగింది. సొలొఫా పెంచిన పందుల్ని ఊరు అలైఫేటు పందులే అంటుంది. సొలొఫా పట్టిన చేపలు పాస్టరుగారింటికి అలైఫేటు పేరునే వెళతాయి. సొలొఫా కట్టిన వంటశాల అలైఫేటు వంటశాల. అలాంటప్పుడు సొలొఫా నడిచిన నడక అలైఫేటుది ఎందుకు కాకూడదు? వారమంతా ఆ మీటరు కొండెక్కి దిగింది, పందుల వెంట తిరిగింది, పడవ లాగింది, తెపొరా బడి నుంచి వచ్చేసరికి బుద్ధిగా తండ్రి నడుము మీద కూర్చుంది.

ఎసెటా చూస్తూనే ఉంది. ఆమెకి నోట్లో మాట ఆగదు.

"ఏమండీ, కాళ్ళు అతనివి, లెక్క మీది. చక్కెర కూడా అతని ఒంట్లోనే దిగుతుంది కాబోలు."

"నీకు తెలీదు, ఊరుకో."

"నాకెందుకు తెలుస్తుంది? ఉన్న వేళ్ళు లెక్కపెట్టుకోవడం తెలుసు, అంతే."

ఫలితాలు బడి ప్రాంగణంలో చదివారు. పిల్లలు, తల్లులు, పెద్దలు, పాస్టరు, అందరూ వచ్చారు. మా పిల్లల అంకెలు చదువుతూ బృందంలోని నర్సు తల పట్టుకుంది. ఐదేళ్ళ కిందట రోడ్డు తారు పోశాక బడికి నడిచి వచ్చే పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే మిగిలారట. పెద్దల అంకెలు ఇంకా ఘోరం. "కానీ ఒక్కరున్నారు," అంది. "రోజుకి సగటున పద్దెనిమిది వేల ఆరువందల అడుగులు. చక్కెర జబ్బు ఉండి, వేలు పోగొట్టుకుని కూడా. అలైఫేటుగారు!"

ఆడవాళ్ళు చూహూ అని కేకలు పెట్టారు. ఊరి తరఫున మాట్లాడే ముసలి వక్త లువాఫా లేచి, పూర్వపు పడవ పందేల దగ్గర మొదలుపెట్టి పావుగంట పొగిడాడు. సొలొఫా ఆవరణ చివర గడ్డి మీద కూర్చుని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. అలైఫేటు తల కొద్దిగా వంచి స్వీకరించాడు. ఎలా స్వీకరించకుండా ఉంటాడు? ఎదురుగా తెపొరా కూర్చుని ఉంది. ఆ పిల్ల తండ్రి కేసి చూసిన చూపు ఆయన అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

మర్నాడు తెపొరా చిన్నాన్న బండి ఎక్కలేదు. నాన్న ఆ పాదంతో పద్దెనిమిది వేలు నడిస్తే నేను సగమైనా నడవలేనా అంది. మైలు వెళ్ళి మైలు వచ్చింది. మొదటి వారం పిక్కలు పట్టేసి ఏడ్చింది. రెండో వారం చిన్నాన్న పిల్లలతో పందెం వేసింది. శనివారాలు తోటకి వెళ్ళడం మొదలుపెట్టింది. బడిలో ఆడపిల్లల క్రికెట్ జట్టులో అంతకుముందు స్కోరు రాసే పిల్ల, ఇప్పుడు బంతి వెనక పరుగెత్తుతోంది. మీటరు తిరిగి ఇవ్వాల్సిన గడువు పెంచితే వదలకుండా పెట్టుకుంది. అంకె పన్నెండు వేలు దాటింది. ఎసెటా గౌను నడుము దగ్గర రెండుసార్లు బిగించి కుట్టింది.

"నాన్నా, నువ్వు ఎప్పుడు నడుస్తావు? నేనెప్పుడూ చూడలేదే," అని ఒకసారి అడిగింది.

"నువ్వు బడిలో ఉన్నప్పుడు."

ఆ రాత్రి పిల్లకి నిజం చెప్పెయ్యాలనుకున్నాడు. అయినా చెప్పలేదు. చెబుదామనుకున్న ప్రతిసారీ పిల్ల చెమటలు కక్కుకుంటూ నవ్వుతూ వచ్చేది. చెబితే మానేస్తుందేమో, చెప్పకపోతేనే మంచిదేమో అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. అలా సర్దిచెప్పుకోవడం మహా తేలిక, దానికీ లేచి నిలబడక్కర్లేదు.

మూడు నెలలకి ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. తెపొరా తనూ వస్తానంది. తండ్రి అంకెల కాగితం మడతపెట్టి పుస్తకంలో దాచి తెచ్చింది, డాక్టరమ్మకి చూపిద్దామని.

రక్తం పరీక్ష చూసి మరేటా ముఖం చిట్లించింది. ముందుకన్నా పెరిగింది. పాదంలో తీసేసిన వేలి పక్క వేలు రంగు మారుతోంది. కాగితం చూసింది, మళ్ళీ పరీక్ష చూసింది. కలం టేబుల్ మీద పెట్టేసింది.

"రోజూ ఇంత నడుస్తున్నారా?"

అలైఫేటు మాట్లాడలేదు. మా దగ్గర పెద్ద మౌనంగా ఉంటే హుందాతనం అంటారు. ఆ రోజు మౌనం పిరికితనం. ఆ ముక్క తరవాత ఆయనే ఒప్పుకున్నాడు.

"ఇంత నడిచినా పెరిగిందంటే మీ ఒంటికి నడక పనిచెయ్యడం లేదన్నమాట," అంది మరేటా. "ఇంజక్షన్లు మొదలుపెడదాం. ఈ వేలు కూడా నిలిచేలా లేదు. వంశంలో ఉంది, ఏం చేస్తాం. మీరు చెయ్యగలిగిందంతా చేశారు పెద్దయ్యా."

తెపొరా కాగితం తీసుకుని మళ్ళీ పుస్తకంలో పెట్టుకుంది.

బస్సు కిక్కిరిసి ఉంది. పెద్దాయన కాబట్టి ముందు సీటు ఖాళీ చేసి ఇచ్చారు, తెపొరా పక్కన ఇరుక్కుని కూర్చుంది. పాటలు చెవులు బద్దలయ్యేలా మోగుతున్నాయి. సగం దూరం వచ్చాక పిల్ల ఆయన చెవి దగ్గరికి వంగింది.

"నాన్నా, రేపటినుంచి నేను చిన్నాన్న బండిలోనే వెళ్తా."

"ఏమైందమ్మా?"

"నడిచి ఏం లాభం? నువ్వు అంత నడిచావు. అయినా వేలు పోతోంది. నానమ్మకీ కాలు పోయింది. నాకూ పోతుంది. ఊరికే పిక్కలు నొప్పి తప్ప ఏముంది?"

ఏడవలేదు. రేపు బడిలో ఏ పాఠం ఉందో చెప్పినట్టు చెప్పింది. డాక్టరమ్మ తన పాదం గురించి చెప్పినప్పుడు పుట్టని భయం అలైఫేటుకి అప్పుడు పుట్టింది. తన వేలు పోతే పోయింది. ఈ పిల్ల నడక తను కాజేశాడు.

ఊరింకా మైలు ఉందనగా బస్సు ఆపమన్నాడు. డ్రైవరు నమ్మలేక వెనక్కి తిరిగి చూశాడు. "ఆపవయ్యా!" అని గద్దించేసరికి ఆపాడు. ఇద్దరూ దిగారు. బస్సు పోయాక రోడ్డు మీద ఎవరూ లేరు.

"తెపొరా, ఆ అడుగులు నావి కావు. సొలొఫావి."

పిల్లకి అర్థం కాలేదు. ఆయన మొత్తం చెప్పాడు. మీటరు ఎప్పుడు విప్పాడో, ఎప్పుడు మళ్ళీ పెట్టుకున్నాడో, బడిలో చప్పట్లు కొడుతుంటే ఏమనుకున్నాడో, అంతా. పిల్ల అడిగింది.

"చిన్నాన్నవైతే నీవే కదా? చిన్నాన్న పందులు నీవే. చిన్నాన్న చేపలు నీవే. అందరూ అలాగే అంటారు."

"నేనూ అలాగే అనుకున్నా. చేప పట్టి నాకు పెడితే నా కడుపు నిండుతుంది. వాడు కొండెక్కితే నా రక్తం పల్చబడదు. ఆ ఒక్కటీ వాడు నాకు ఇవ్వలేడు. ఇద్దామనుకున్నా ఇవ్వలేడు."

"మరి నీవి ఎన్ని?"

"నాలుగు వందల పన్నెండు."

"గంటకా?"

"రోజంతటికీ."

తెపొరా ముందు నవ్వింది, తరవాత పిడికిళ్ళు బిగించి ఆయన బొజ్జ మీద కొట్టింది, ఆ తరవాత ఏడ్చింది. "నేను అందరితో చెప్పా! బడిలో అందరితో! మా నాన్న, మా నాన్న అని!" అంది. పెద్దని కొట్టిన పిల్లని మా ఊళ్ళో చూసి ఎరగం. ఆయన కొట్టనిచ్చాడు.

"నడక పనిచెయ్యకపోవడం కాదమ్మా. నేను నడవనే లేదు. నీ మెడ చూసుకో. అమ్మ తోమడం మానేసి ఎన్నాళ్ళయింది?"

పిల్ల చెయ్యి మెడ మీదికి పోయింది. అద్దంలో రోజూ చూసుకుంటున్నదే గానీ, నలుపు పల్చబడుతోందని దానికి అప్పుడే తట్టింది.

ఇంటిదాకా నడిచారు. గంటకి పైనే పట్టింది. దారిలో మూడిళ్ళవాళ్ళు పిలిచారు. "ఇవాళ పిలవకండమ్మా," అని ఆయన బతిమాలుకున్నాడు. కబురు ముందే వెళ్ళినట్టుంది, సొలొఫా బండి వేసుకుని ఎదురొచ్చాడు. ఎక్కమంటే అన్న ఎక్కడు. అన్న నడుస్తుంటే తను బండిలో కూర్చోలేడు. చివరికి బండి రోడ్డు మధ్యలో మోగుతుండగానే వదిలేసి వెనకే నడిచి వచ్చాడు.

సోమవారం సభలో అలైఫేటు తన స్తంభం దగ్గరికి వెళ్ళలేదు. ఆవ అనే వేరు పానీయం కలిపి సభకి అందించే, పెద్దరికం లేని మగవాళ్ళు కూర్చునే వెనక వరసలో కూర్చున్నాడు. సభ అంతా ఉలిక్కిపడింది. మాట్లాడే వంతు వచ్చినప్పుడు, బడి ప్రాంగణంలో మీరు పొగిడిన అడుగులు నా తమ్ముడివి, ఊరినీ బడినీ నా బిడ్డనీ మోసం చేశాను, జరిమానా వెయ్యండి అన్నాడు.

ఇలాంటి తప్పుకి మామూలు జరిమానా ఒక పెద్ద పంది. ఎవరో ఆ మాటే అన్నారు. లువాఫా ఈగలు తోలే కుంచె ఊపి ఆపాడు. పావుగంట పొగిడింది తను కాబట్టి అందరికన్నా కోపం ఆయనకే.

"పందా? ఆ పందిని పెంచింది ఎవరు? సొలొఫా. పంది ఇప్పిస్తే మళ్ళీ సొలొఫా చేత నడిపించినట్టే. నీ ఒంటి నుంచి పోయేదేదో అదే జరిమానా. రోజూ పొద్దున నీ కాళ్ళతో నువ్వు వంతెన దాకా పోయి రావాలి. ఇది సభ ఆజ్ఞ. దారిలో ఇతన్ని తినడానికి పిలిచినవాళ్ళు, బండి ఆపి ఎక్కించుకున్నవాళ్ళు సభకి ఒక పెట్టె డబ్బా చేపలు కట్టాలి. సొలొఫా! నువ్వు బండి తీసుకుని ఎదురెళితే రెండు పెట్టెలు."

సొలొఫా బయట అరుగు మీద కూర్చుని వింటున్నాడు. ఏడేళ్ళ బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. సభ ఆజ్ఞ మీద అన్న నడిస్తే తమ్ముడికి తలవంపు లేదు. మొదటి పెట్టె చేపలు కట్టింది లువాఫా భార్యే, మూడో రోజునే అలవాటు కొద్దీ "రండి పెద్దయ్యా" అనేసి నాలిక కరుచుకుంది.

డాక్టరమ్మకీ చెప్పాడు. ఆవిడ తిట్టిన తిట్లు నర్సుల గదిలో కూడా వినిపించాయట. ఇంజక్షన్లు మానలేదు. రెండో వేలు ఆగస్టులో తీసేశారు, మూడు నెలలు వృథా చేసినదానికి అది పోయింది. గాయం పూర్తిగా మానాక, మెత్తటి బూట్లు వేసుకుని, కర్ర పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. చక్కెర కొద్దికొద్దిగా దిగుతోంది. పాదం ఎంతకాలం నిలుస్తుందో ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఈసారి తెపొరా కూడా వెంట వస్తోంది. బడికి వెళ్ళేది ఆ వంతెన మీదుగానే. మంచిదేననుకున్నాడు. పదిరోజులయ్యాక పిల్ల కాగితం మీద రాసే అంకె కంటబడింది. పన్నెండు వేలు ఉండేది ఏడు వేలకి పడిపోయింది. కారణం వెతకక్కర్లేదు. మా దగ్గర పిల్లలు పెద్దల్ని దాటి ముందు నడవరు. ఆయన కర్ర మోపి, ఆగి, కాలు ఈడ్చి, మళ్ళీ ఆగుతుంటే, తెపొరా ఆయన వెనక అదే కొలతకి అడుగులు వేస్తోంది.

మర్నాడు పాస్టరుగారిల్లు దాటాక ఆయన ఆగాడు.

"నువ్వు ముందు వెళ్ళు."

"మీ ముందు ఎలా నడుస్తాను?" సాధారణంగా నువ్వు అనే పిల్ల రోడ్డు మీద కాబట్టి మీరు అంది.

"నేను చెబుతున్నాను కదా."

"అందరూ చూస్తున్నారు నాన్నా."

"చూడనీ. నా వెనక నడిస్తే నువ్వూ నా అంతే నడుస్తావు. నాకు అది వద్దు. పరుగెత్తు. నా కోసం ఆగకు, తిరిగి చూడకు."

పిల్ల నడుము వంచి, పెద్దల ముందు నుంచి పోయేటప్పుడు అడిగినట్టు మన్నించమని అడిగి, ఆయన్ని దాటింది. నాలుగడుగులు వంగే వేసింది. తరవాత నిటారుగా అయి, సంచీ వీపుకి బిగించుకుని పరుగు అందుకుంది.

పక్కింటి అరుగు మీంచి ఒక ముసలామె గట్టిగా అరిచింది. "ఏయ్ పిల్లా! పెద్దాయన్ని వెనక వదిలేసి ఎక్కడికే ఆ పరుగు? బుద్ధుందా నీకు?"

"దాన్ని ఆపకండమ్మా," అన్నాడు అలైఫేటు. "నేనే పంపించాను."